నకలు ఉంచుకున్నవాళ్ళు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు పేరుపేరునా చెప్పాలి గానీ ఇప్పటికే ఆలస్యమైంది, ముందు వరసలో పిల్లలు ఆకలి మీదున్నారు. అందరికీ కలిపి ఒకే నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తక పఠనం గురించి మాట్లాడమన్నారు. సరేనన్నాను కూడా. కానీ పోయినేడు మా అమ్మాయి దగ్గర ఇంగ్లండులో ఉన్నప్పుడు చూసిన ఒక చిన్న కట్టడం నన్ను వదలడం లేదు. దాని గురించే చెబుతాను, మన్నించండి.

ఇంగ్లండు ఉత్తరాన సెడ్‌బర్గ్ అని ఒక ఊరుంది. దాని పక్కనే బ్రిగ్‌ఫ్లాట్స్ అనే పల్లె. చుట్టూ కొండలు, గొర్రెలు. అక్కడ క్వేకర్లు 1675లో కట్టుకున్న మందిరం ఉంది. వీళ్ళు క్రైస్తవుల్లో ఒక శాఖ, తమను 'ఫ్రెండ్స్' అని చెప్పుకుంటారు. 1652లో జార్జ్ ఫాక్స్ అనే ఆయన దగ్గర్లోని ఫర్‌బ్యాంక్ ఫెల్ కొండ మీద సుమారు వెయ్యిమందికి మూడు గంటలు బోధించాక ఆ చుట్టుపక్కల బలపడ్డారు. మందిరంలో పాదిరీ ఉండడు, బల్లల మీద మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెబుతారు. మెట్ల మొదట్లో, గొర్రెల కాపరులు వెంట తెచ్చుకునే కుక్కల కోసం చేయించిన చెక్క దడి ఇప్పటికీ ఉంది. దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడిపోయాను.

ఆ మందిరం కట్టిననాటికి అక్కడ కూర్చోవడమే నేరం. 1670 నాటి చట్టం ప్రకారం, ప్రభుత్వ చర్చి పద్ధతిలో కాకుండా ఇంటివాళ్ళు గాక ఐదుగురు చేరి ప్రార్థిస్తే జరిమానా. మొదటిసారి 5 షిల్లింగులు, మళ్ళీ దొరికితే 10. చోటిచ్చినవాడికి 20 పౌండ్లు. అందులో మూడో వంతు పట్టిచ్చినవాడికి! అలాంటి రోజుల్లో అందరికీ కనబడేలా రాతితో కట్టారు. 1689లో చట్టం సడలేదాకా అలాగే కూర్చున్నారు.

చర్చికి పంటలో పదో వంతు ఇవ్వాలంటే, మేం ఇవ్వం అన్నారు. దానికి జప్తులు. ఆవును తోలుకుపోయారు, ధాన్యం కొలుచుకుపోయారు, ఇత్తడి గిన్నెలు పట్టుకుపోయారు. తిరగబడలేదు. రాశారు. ఏ రోజు, ఎవరింట్లో, ఏ వస్తువు, దాని విలువెంత, తీసుకుపోయిందెవరు. అలాంటి పల్లెల్లో రాసినవి నెలవారీ సమావేశానికి, అక్కణ్ణుంచి మూడు నెలలకోసారి జరిగే పెద్ద సమావేశానికి, చివరికి లండన్‌కి వెళ్ళేవి. అక్కడ వాటిని 44 పెద్ద సంపుటాల్లో ఎక్కించారు. వాటిని 'బాధల పుస్తకం' అంటారు. పోయిన గిన్నె తిరిగి రాలేదు. కానీ ఆ గిన్నె పేరు ఈరోజుకీ ఉంది.

తేదీల సంగతి చెప్పకపోతే నాకు తోచదు. నెలలకు రోమన్ దేవతల పేర్లున్నాయని వాళ్ళు అంకెలే వేసేవారు. 1752లో ఇంగ్లండు క్యాలెండరు మారేదాకా వాళ్ళకు మొదటి నెల మార్చి. ఉగాది చేసుకునే మనకు ఇందులో వింతేముంది? ఈ సంగతి తెలియక పాత పుస్తకంలో 'ఏడో నెల' చూసి జులై అనుకునేవాళ్ళుంటారు. అది సెప్టెంబరు.

బాప్తిస్మం లేదు కాబట్టి పుట్టిన రోజే రాసుకున్నారు. 1850 దాకా వాళ్ళలో సమాధి రాళ్ళకు అనుమతి లేదు. అంటే మనిషి ఎక్కడ పడుకున్నాడో చెప్పేది పుస్తకం ఒక్కటే. 1840 ప్రాంతంలో ప్రభుత్వం ఆ రిజిస్టర్లు అప్పగించమంది. ఇచ్చారు. ఇచ్చే ముందు మాత్రం అందులోని వివరాలన్నీ కూర్చోబెట్టి ఎత్తి రాయించుకున్నారు.

ఇక్కడే నాకు గొంతు పట్టుకుంటుంది. మా నాయనమ్మ పాత పంచాంగం ఒకటి ఉండేది. అట్ట లోపలివైపు పదకొండు మంది పిల్లల తిథి, వారం, నక్షత్రం రాసి ఉండేవి. బతకని నలుగురివి కూడా. మా నాన్నగారి వయసు రుజువు కావాలని ఒక ఆఫీసువాళ్ళు అడిగితే, అసలుదే తీసుకెళ్ళి ఇచ్చాం. ఏడాది తిరిగాం. ఫైలు దొరకలేదన్నారు. నాన్నగారి వయసు ఎలాగో తేలింది. ఆ నలుగురు పిల్లల పేర్లు మాత్రం ఇప్పుడు చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. నకలు రాసుకోవాలని మాకెవరికీ తట్టలేదు. అసలుదే ఇచ్చాం!

ఇంకో ఐదు నిమిషాలు. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, నాకు కనబడుతోంది.

క్వేకర్ల సమావేశంలో ఓటింగ్ ఉండదు. క్లర్క్, అంటే సమావేశం నడిపే మనిషి, అక్కడే తీర్మానం రాసి, అక్కడే చదివి వినిపిస్తారు. మాట మార్చాలనుకున్నవాళ్ళు అప్పుడే చెప్పాలి. అందరికీ సమ్మతమైతేనే పుస్తకంలోకి వెళుతుంది. మనమూ ఇవాళ ఒకటి రాద్దాం. నేను రాసుకొచ్చాను, చదువుతాను:

"పదకొండో నెల, పదహారో రోజు. ఈ గ్రంథాలయంలో కూడినవాళ్ళం ఒప్పుకున్నది. మా ఇళ్ళలో ఉన్న పాత కాగితం, పంచాంగం అట్టయినా, శుభలేఖయినా, దస్తావేజయినా, ఎవరికి ఇచ్చినా ముందు నకలు తీస్తాం. ఒక నకలు ఈ బీరువాలో పెడతాం. బతకని పిల్లల పేర్లు కూడా రాస్తాం."

ఇందులో ఏమైనా మార్చాలా? ఆ చివర కిటికీ దగ్గర కూర్చున్న అమ్మా, ఏదో అనబోయి ఆగిపోయారు. చెప్పండి, రాసుకుంటాను.