‘దానం’ – రెండు అక్షరాలు తెరిచిన తలుపు

శ్రోతలకు నమస్కారం.

ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్ల శిథిలాల మీద ఒక రాతి స్తంభం నిలబడి ఉంది. 14వ శతాబ్దంలో సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ దాన్ని తోప్రా అనే ఊరి నుంచి తెప్పించాడు. పడగొట్టేటప్పుడు దెబ్బ తగలకుండా కింద బూరుగు దూది పరిచారు. రెల్లుతో, పచ్చి తోళ్లతో చుట్టారు. 42 చక్రాల బండి మీద యమున ఒడ్డుకు లాగి, అక్కడి నుంచి పడవల మీద చేర్చారు. ఇంత శ్రమపడి తెచ్చాక సుల్తాన్ పండితులను పిలిపించి, దాని మీద ఏమి రాసి ఉందో చెప్పమన్నాడు. ఎవ్వరూ చదవలేకపోయారు. 17వ శతాబ్దంలో వచ్చిన థామస్ కోర్యాట్ అనే ఇంగ్లిష్ యాత్రికుడైతే అవి గ్రీకు అక్షరాలనీ, అది అలెగ్జాండర్ నిలిపిన విజయస్తంభమనీ అనుకున్నాడు.

అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. వాటిని చదివేవాళ్లే లేకుండా పోయారు. రాత ఒక్క రోజులో మారిపోదు కదా! ఒక తరంలో గీత కాస్త వంగుతుంది, మరో తరంలో తలకట్టు పెరుగుతుంది, ఇంకో తరంలో కోణం గుండ్రమవుతుంది. వెయ్యేళ్లు గడిచేసరికి తాతను మనవడు గుర్తుపట్టలేడు. ఆ స్తంభం మీదిది బ్రాహ్మీ లిపి. మనం రోజూ రాసుకునే తెలుగు అక్షరాలకూ అదే మూలం. నాకు ఈ కథ మీద ఇంత మమకారం ఉండడానికి అదొక కారణం.

ఈ చిక్కుముడి విప్పిన మనిషి వృత్తిరీత్యా భాషా పండితుడు కాడు. పేరు జేమ్స్ ప్రిన్సెప్. 1799లో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో మన దేశానికి వచ్చి కలకత్తా, కాశీ టంకశాలల్లో పనిచేశాడు. బంగారం, వెండి వన్నె పరీక్షించడం ఆయన ఉద్యోగం. వెంట్రుకవాసి తేడాను కూడా వదలని చూపు అక్కడే అలవడి ఉంటుందని నా నమ్మకం. కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీకి కార్యదర్శి అయ్యాక దేశం నలుమూలల నుంచి నాణేలు, శాసనాల నకళ్లు ఆయన బల్ల మీదికి చేరసాగాయి. అలహాబాదులోని మరో స్తంభం మీద ఉన్న ఇదే లిపి అక్షరాలను ముందు వేసుకుని, ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో, ఏ గుర్తుకు ఏయే కొమ్ములు తగిలాయో పట్టిక రాసుకున్నాడు. 1836లో క్రిస్టియన్ లాసెన్ అనే పండితుడు గ్రీకు, బ్రాహ్మీ రెండు లిపులూ ఉన్న, అగాథోక్లీస్ అనే గ్రీకు రాజు నాణెం ఆధారంగా కొన్ని అక్షరాలు పోల్చగలిగాడు. తలుపు సందులోంచి వెలుతురు కనిపించింది గానీ గడియ ఇంకా తొలగలేదు.

1837 మే నెలలో సాంచీ స్తూపం నుంచి కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ పంపిన నకళ్లు వచ్చాయి. అవి రాజశాసనాలు కావు. స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె మీద, స్తంభాల మీద అక్కడొకటి ఇక్కడొకటిగా చెక్కిన చిన్న చిన్న రాతలు. పత్రికలో అచ్చు వేయడానికి వాటిని ఫలకం మీద పేరుస్తుండగా ప్రిన్సెప్ కంటికి ఒక సంగతి తగిలింది. దాదాపు అన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయి.

ఆ రెండు అక్షరాలనూ ఊహించుకోండి. మొదటిది నడుమ పొట్ట ఉబ్బిన నిలువు గీత, దాని కుడి పక్కన చిన్న అడ్డగీత. రెండోది ఒక అడ్డగీత మీద నిలబెట్టిన కర్ర లాంటి గుర్తు, పక్కన ఒక చుక్క. ఇంత పొట్టి రాతలు, ఒకదానికొకటి సంబంధం లేకుండా, ఒక ఆరాధనాస్థలంలో ఎందుకు ఉంటాయి? బర్మాలోని బౌద్ధాలయాల్లో భక్తులు సమర్పించిన వాటి మీద దాతల పేర్లు ఉంటాయని ఆయనకు తెలుసు. అయితే ఇవీ కానుకలేనా? అలాగైతే చివర ఉండవలసిన మాట ఏమిటి?

‘దానం’.

నిలువు గీత ‘ద’, పక్కన అడ్డగీత దీర్ఘం. రెండోది ‘న’, చుక్క మన సున్నా. ఆ మాటకు ముందు మాటిమాటికీ వస్తున్న గుర్తు ‘స’ అయి ఉండాలి, అంటే ప్రాకృతంలో ‘ఫలానావారి యొక్క’ అని చెప్పే ప్రత్యయం. ఫలానావారి దానం! కొద్ది నిమిషాల్లోనే అక్షరమాల అంతా తన వశమైందని ఆయనే రాసుకున్నాడు. ఆ కొద్ది నిమిషాల వెనుక ఏళ్ల తరబడి రాసిన పట్టికలున్నాయి. లిపి మరుగున పడింది గానీ మాట జనం నోటి నుంచి ఎన్నడూ జారిపోలేదు. అందుకే తలుపు తెరుచుకుంది.

ఆ తరువాత ఢిల్లీ స్తంభం నోరు విప్పింది. రత్నపాల అనే సింహళ పాలీ పండితుడు పక్కన కూర్చుని సాయం చేశాడు. మొదటి మాటలే ‘దేవానంపియ పియదసి’, దేవతలకు ఇష్టుడైన ప్రియదర్శి. ఎవరీ రాజు? ప్రిన్సెప్ మొదట సింహళ రాజనుకున్నాడు. సింహళంలో ఉన్న జార్జ్ టర్నర్ పాత పాలీ గ్రంథం దీపవంశం తిరగేసి, పియదసి అంటే చంద్రగుప్తుడి మనవడు అశోకుడేనని తేల్చాడు. 1838లో గిర్నార్ శాసనంలో ‘అంతియోక’ అనే యవనరాజు, అంటే గ్రీకు రాజు, పేరు బయటపడింది. ఆ గ్రీకు రాజు కాలం ముందే తెలుసు కాబట్టి, దాంతో అశోకుడిది క్రీస్తుపూర్వం 3వ శతాబ్దమని గట్టి ఆధారం దొరికింది. ఇక 1915లో రాయచూరు ప్రాంతంలోని మస్కిలో ‘అశోక’ అన్న పేరే రాతి మీద కనిపించింది.

ప్రిన్సెప్ అది చూడలేదు. తీరిక లేని శ్రమతో 1838లోనే తీవ్రమైన తలనొప్పులు మొదలయ్యాయి. ఆ ఏడాదే ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపారు. 1840 ఏప్రిల్‌లో, 40 ఏళ్ల వయసులో, లండన్‌లో కన్నుమూశాడు.

నా మనసు మాత్రం ఆ సాంచీ కంచె దగ్గరే ఆగిపోతుంది. చక్రవర్తి మాటలను మనకు వినిపించే వీలు కల్పించినవాళ్లు ఆ దాతలు: భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, గృహిణులు. విదిశలో దంతపు పని చేసేవాళ్లు దక్షిణ తోరణం మీద శిల్పం చెక్కి, అది తమ పనేనని రాసుకున్నారు. ఒక్కొక్కరు ఒక్క రాయికి సరిపడా ఇచ్చి పేరు చెక్కించుకున్నారు.

ఎప్పుడైనా సాంచీకి వెళ్తే ఆ కంచె పక్కన కాసేపు వంగి నిలబడండి. ఏ రాత దగ్గరైనా చివరికంటా చూపు పోనివ్వండి. పొట్ట ఉబ్బిన నిలువు గీత, అడ్డగీత మీద కర్ర, ఒక చుక్క. మీరే చదవగలరు.

నమస్కారం.