టీవీకి కలిపిన కంప్యూటర్‌లో మౌస్ ఎందుకు ఆలస్యం చేస్తోంది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. కంప్యూటర్‌ను టీవీకి కలిపి ఆటలు ఆడేటప్పుడు మౌస్ కదలిక తెర మీద ఆలస్యంగా కనిపించే ఇబ్బంది గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మీ సందేహాలు తీర్చడానికి కంప్యూటర్ హార్డ్‌వేర్ నిపుణులు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ కరీంనగర్ నుంచి. చెప్పండి.

కరీంనగర్ శ్రోత: నమస్కారం సార్. నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. దసరా సెలవులకు ఇంటికి వచ్చి, హాల్లో ఉన్న 55 అంగుళాల టీవీకి నా ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాను. ల్యాప్‌టాప్ తెర మీద చక్కగా సాగే ఆట టీవీ మీద మాత్రం బరువుగా ఉంటోంది. నేను మౌస్ తిప్పిన కాసేపటికి గాని గురి కదలడం లేదు. మంచి గేమింగ్ మౌస్ కొంటే సరిపోతుందని స్నేహితులు అంటున్నారు. కొనమంటారా?

నిపుణుడు: కొనవద్దు బాబూ. అదే మౌస్ ల్యాప్‌టాప్ తెర మీద సరిగ్గా పనిచేస్తోందని మీరే చెప్పారు కాబట్టి, లోపం మౌస్‌లో లేదని అక్కడే తేలిపోయింది. ఆలస్యం టీవీ లోపల జరుగుతోంది. టీవీలు ప్రధానంగా సినిమాలు, సీరియళ్లు, క్రికెట్ చూడటానికి తయారైనవి. అందుకే తనకు అందిన ప్రతి ఫ్రేమునూ, అంటే వరుసగా వచ్చే ఒక్కో బొమ్మనూ, టీవీ ఉన్నదున్నట్టు చూపించదు. అందులోని మచ్చలను తొలగిస్తుంది, అంచులను పదును చేస్తుంది, రంగులను పెంచుతుంది, పైగా కదలిక నునుపుగా కనిపించాలని రెండు ఫ్రేముల మధ్య తానే ఒక కొత్త ఫ్రేమును కల్పించి పెడుతుంది. ఆ మధ్య ఫ్రేమును కల్పించాలంటే తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగక తప్పదు. ఈ పనులన్నీ కలిసి చాలా టీవీల్లో 100 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటాయి. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి, మీరు చూస్తున్న బొమ్మ ఆరు ఫ్రేములు వెనకటిదన్న మాట.

వ్యాఖ్యాత: మరి సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం మనకు తెలియదేమండీ?

నిపుణుడు: మంచి ప్రశ్న. బొమ్మను ఎంత ఆపిందో ధ్వనిని కూడా టీవీ అంతే ఆపి, రెండింటినీ కలిపి వదులుతుంది. పెదవుల కదలిక మాటతో కలిసిపోతుంది కాబట్టి చూసేవారికి తేడా తెలియదు. కానీ మౌస్ పట్టుకున్న చేతిని టీవీ ఆపలేదు కదా! చెయ్యి ముందు వెళ్లిపోతుంది, బొమ్మ వెనక వస్తుంది. బాబూ, టీవీ ఇప్పుడు మీ ఎదురుగా ఉందా?

కరీంనగర్ శ్రోత: ఉంది సార్. ఆట కూడా తెరిచే ఉంది.

నిపుణుడు: రిమోట్‌తో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పిక్చర్ మోడ్‌లో ఏముందో చూడండి. ల్యాప్‌టాప్ బొమ్మ కనిపిస్తున్నప్పుడే చూడాలి. ఎందుకంటే చాలా టీవీలు ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా సెట్టింగ్స్ గుర్తు పెట్టుకుంటాయి.

కరీంనగర్ శ్రోత: ‘వివిడ్’ అని ఉంది సార్.

నిపుణుడు: దాన్ని ‘గేమ్’కు మార్చి, మౌస్ తిప్పి చెప్పండి. ఆ మోడ్‌లో టీవీ ఇందాక చెప్పిన దిద్దుబాట్లను చాలా వరకు ఆపేస్తుంది.

కరీంనగర్ శ్రోత: మార్చాను. రంగులు కొంచెం తగ్గాయి. మౌస్ మాత్రం చాలా మెరుగైంది సార్! కానీ ఇంకా ఎక్కడో పట్టినట్టు, గతుకుల మీద పోతున్నట్టు ఉంది.

నిపుణుడు: రంగులను తర్వాత సవరించుకోవచ్చు, దాని వల్ల ఆలస్యం పెరగదు. ఆ గతుకుల సంగతి చూద్దాం. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి, టీవీని ఎంచుకుని రిఫ్రెష్ రేట్, అంటే తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో, ఎంత ఉందో చదవండి.

కరీంనగర్ శ్రోత: 30 హెర్ట్జ్ అని ఉంది సార్. పక్కన 3840, 2160 అని ఉంది.

నిపుణుడు: దొరికింది. మీ ల్యాప్‌టాప్ పోర్టు బహుశా హెచ్‌డీఎంఐ 1.4 రకం. 4కే బొమ్మను, అంటే మీరు చదివిన 3840, 2160 చుక్కల బొమ్మను, అది సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు. అంటే ఆట ఎంత వేగంగా నడిచినా టీవీకి 33 మిల్లీసెకన్లకు ఒక్క ఫ్రేమే చేరుతుంది. రిజల్యూషన్‌ను, అంటే ఆ చుక్కల సంఖ్యను, ఫుల్ హెచ్‌డీ అనే 1920, 1080కి తగ్గించండి, 60 హెర్ట్జ్ కనిపిస్తుంది. ఆటల విషయంలో నా అభిప్రాయం ఎప్పుడూ ఒక్కటే: 30 హెర్ట్జ్ 4కే కంటే 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ ఎన్నో రెట్లు మేలు. ఒకవేళ ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు ఉండి కూడా 30 దగ్గరే ఆగితే, టీవీలో ఆ పోర్టుకు పూర్తి సామర్థ్యాన్ని ఇచ్చే సెట్టింగ్‌ను ఆన్ చేయాలి. కొన్ని టీవీల్లో దాన్ని ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’ అని, కొన్నింటిలో ‘డీప్ కలర్’ అని రాస్తారు.

కరీంనగర్ శ్రోత: 60 పెట్టాను సార్. ఇప్పుడు గురి చేతితో పాటే వస్తోంది. చాలా ధన్యవాదాలు సార్.

నిపుణుడు: ఇంకొక్క మాట. విండోస్ మీటతో పాటు ‘పి’ అక్షరం నొక్కి, బొమ్మ టీవీ మీద మాత్రమే వచ్చేలా పెట్టుకోండి. రెండు తెరల మీదా ఒకే బొమ్మ నడుపుతుంటే కొన్నిసార్లు టీవీకి రావాల్సిన వేగం రాకుండా పోతుంది.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ తణుకు నుంచి. చెప్పండమ్మా.

తణుకు శ్రోత: నమస్కారమండి. మా అబ్బాయికి కూడా ఇదే ఇబ్బంది. మా టీవీ చాలా పాతది, అందులో గేమ్ మోడ్ కనిపించడం లేదు. కొత్త టీవీ కొనమని రోజూ పేచీ పెడుతున్నాడు. దీన్నే బాగు చేసుకునే దారి ఏమైనా ఉందా?

నిపుణుడు: ఉందమ్మా, ముందు అదే చూద్దాం. గేమ్ మోడ్ ఒక్కోసారి పిక్చర్ మెనూలో కాకుండా ‘జనరల్’ మెనూలోనో, బయటి పరికరాల మెనూలోనో ఉంటుంది. అక్కడ కూడా లేకపోతే, కంప్యూటర్ తగిలించిన హెచ్‌డీఎంఐ పోర్టు పేరును ‘పీసీ’గా మార్చి చూడండి. చాలా టీవీలు ఆ పేరు చూసి, వచ్చింది కంప్యూటర్ బొమ్మ అని గ్రహించి, దాన్ని దిద్దడం మానేస్తాయి. చిన్న అక్షరాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. అదీ కుదరకపోతే ఒక్కొక్కటిగా ఆపాలి. ముందుగా ఆపవలసింది కదలికను నునుపు చేసే సెట్టింగ్. దానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ఎల్‌జీ ట్రూమోషన్ అంటుంది, సోనీ మోషన్‌ఫ్లో అంటుంది, శామ్‌సంగ్ ఆటో మోషన్ ప్లస్ అంటుంది. తర్వాత నాయిస్ రిడక్షన్, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపండి.

తణుకు శ్రోత: ఇవన్నీ చేసినా తగ్గకపోతే కొత్తది కొనవలసిందేనా అండీ?

నిపుణుడు: ఆటల కోసమే అయితే టీవీ కంటే ముందు చిన్న కంప్యూటర్ మానిటర్ గురించి ఆలోచించండమ్మా, ఖర్చు తక్కువ, ఆలస్యం కూడా తక్కువ. టీవీయే కొనాలనుకుంటే మాత్రం అంగడిలో రెండు విషయాలు అడగండి. ఆట మొదలవగానే టీవీ తనంతట తానే గేమ్ మోడ్‌లోకి వెళ్లే ఏఎల్ఎల్ఎమ్ ఉందా, ఆట వేగాన్ని బట్టి తెర వేగం మారే వీఆర్ఆర్ ఉందా అని. ఈ రెండూ 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1లో చేరాయి. కానీ పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.1 అని రాసి ఉన్నంత మాత్రాన ఇవి తప్పకుండా ఉంటాయని లేదు, అందుకే పేరు పెట్టి అడగమంటున్నాను. ‘రెస్పాన్స్ టైమ్’ అని చూపించే అంకెను చూసి మోసపోవద్దు. అది తెర మీద చుక్క ఎంత త్వరగా రంగు మారుతుందో చెబుతుంది, మౌస్ ఆలస్యం గురించి ఏమీ చెప్పదు. వారంటీ కార్డు చదివినంత శ్రద్ధగా ఈ మాటలు చదవాలి, ఎందుకంటే డబ్బు పోయేది మీది.

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి మరో శ్రోత. నమస్కారం, చెప్పండి.

విశాఖపట్నం శ్రోత: నమస్కారమండి. నాది వైర్‌లెస్ మౌస్. కంప్యూటర్ టీవీ వెనకాల ఉంది, నేను సోఫాలో కూర్చుంటాను. గేమ్ మోడ్ పెట్టాను, 60 హెర్ట్జే ఉంది. అయినా బాణం గుర్తు ఉన్నట్టుండి ఆగి, ఒక్కసారిగా దూకుతోంది.

నిపుణుడు: మీది వేరే జబ్బండి. ఎప్పుడూ ఒకే కొలతలో వెనకబడితే అది టీవీ ఆలస్యం; ఆగి ఆగి దూకితే అది మౌస్ సంకేతం తెగిపోవడం. మీ మౌస్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటి కేబుళ్లు సరిగ్గా ఆ తరంగాల్లోనే రొద పుట్టిస్తాయి. ఈ సంగతిని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. పైగా మీకూ, కంప్యూటర్‌కు తగిలించిన మౌస్ రిసీవర్‌కూ మధ్య టీవీ ఉంది. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, దాని కొసకు రిసీవర్ తగిలించి, సోఫా వైపు కనిపించేలా టీవీ బల్ల మీద పెట్టండి. రెండో కొసను వీలైతే యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలించండి. ఈ సమస్యకు ఇంత చవకైన మందు మరొకటి లేదు.

విశాఖపట్నం శ్రోత: మౌస్ ఎంత దగ్గర ఉన్నా, ఒక ఆటలో మాత్రం నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుందండి. మిగతావి బాగానే ఉన్నాయి.

నిపుణుడు: ఆ ఆట సెట్టింగ్స్‌లో వీ-సింక్ ఆన్‌లో ఉండి ఉంటుంది. తెర మీద బొమ్మ చీలినట్టు కనిపించకుండా అది ఫ్రేములను వరుసలో నిలబెడుతుంది, ఆ వరుస వల్లే ఆలస్యం పెరుగుతుంది. దాన్ని ఆపి చూడండి. బొమ్మ చీలడం మీకు ఇబ్బందిగా ఉంటే, వీ-సింక్‌ను అలాగే ఉంచి, ఆలస్యాన్ని తగ్గించడానికి ఆటలో ఎన్‌విడియా రిఫ్లెక్స్ అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ కార్డు అయితే యాంటీ-ల్యాగ్ ఆన్ చేయండి.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ హైదరాబాద్ నుంచి.

హైదరాబాద్ శ్రోత: నమస్తే అండి. నేను కేబుల్ లేకుండా వైఫై ద్వారా ల్యాప్‌టాప్ తెరను టీవీలో చూపిస్తూ ఆడుతున్నాను. దానికి ఏ సెట్టింగ్ మార్చాలి?

నిపుణుడు: ఆటలకు ఆ పద్ధతి మానేయండి. బొమ్మను ల్యాప్‌టాప్ కుదించాలి, గాలిలో పంపాలి, టీవీ దాన్ని మళ్లీ విప్పాలి. సినిమాకు, ఫొటోలకు అది చాలు. ఆటకు మాత్రం కేబుల్ వేసుకోవలసిందే.

హైదరాబాద్ శ్రోత: కేబుల్ వేశాక ఆలస్యం నిజంగా ఎంత తగ్గిందో అంకెల్లో తెలుసుకోవచ్చా?

నిపుణుడు: తెలుసుకోవచ్చు. మీ ఫోన్ కెమెరాలో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే చాలు. మౌస్ బటన్ మీద ఉన్న వేలు, టీవీ తెర రెండూ ఒకే ఫ్రేములో కనిపించేలా ఫోన్ నిలబెట్టి, బటన్ నొక్కి వీడియో తీయండి. తర్వాత వీడియోను ఒక్కో ఫ్రేము జరుపుతూ, వేలు నొక్కిన క్షణం నుంచి తెర మీద మార్పు కనిపించే క్షణం దాకా ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేముకు సుమారు 4 మిల్లీసెకన్లు. 24 ఫ్రేములు వస్తే 100 మిల్లీసెకన్లు. ఇందులో కంప్యూటర్, మౌస్ తీసుకునే సమయం కూడా కలిసే ఉంటుంది కాబట్టి, ముందు ల్యాప్‌టాప్ తెర మీద ఒకసారి, తర్వాత టీవీ మీద ఒకసారి తీసి, రెండింటి మధ్య తేడా చూడండి. టీవీ కలుపుతున్న అదనపు ఆలస్యం ఆ తేడాయే.