క్లీవ్‌లాండ్‌లో క్రొయేషియా తోట: కవి లేడు, అమ్మ ఉంది

[దృశ్యం: పార్కు రోడ్డు, పక్కనే వాగు]
అమెరికా, ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ ఊరు. ఇక్కడి రాక్‌ఫెల్లర్ పార్కులో డోన్ బ్రూక్ అనే వాగు వెంట నడుస్తుంటే దేశం వెనక దేశం తగులుతుంది. ఒక్కో దేశం పేరిట ఒక్కో తోట, అందులో విగ్రహాలు. జర్మనీ తోటలో కవులు గోథే, షిల్లర్. పోలండ్ తోటలో సంగీతకారుడు షోపాన్. ఇండియా తోటలో మన గాంధీగారు. 1916లో ఒక్క షేక్‌స్పియర్ తోటతో మొదలైంది, ఇప్పుడు ముప్పై దాటాయి.

[దృశ్యం: కంచు విగ్రహం]
క్రొయేషియా తోట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఇక్కడి విగ్రహం కవిదీ కాదు, వీరుడిదీ కాదు. పేరు 'వలస తల్లి'. చేసింది జోసెఫ్ తుర్కాలీ. క్రొయేషియా మహాశిల్పి ఇవాన్ మెష్ట్రోవిచ్ దగ్గర పని నేర్చుకున్నాయన.

అమ్మే ఎందుకు? కాస్త వెనక్కి వెళ్దాం.

[దృశ్యం: ఎండిన ద్రాక్ష తీగలు]
19వ శతాబ్దం చివర్లో క్రొయేషియాలోని ద్రాక్షతోటలకు ఫిలోక్సెరా తగులుకుంది. కంటికి ఆనీ ఆనని పురుగు. వేళ్లలో రసం పీల్చి తీగని చంపేస్తుంది. తమాషా ఏంటంటే, ఆ పురుగు యూరప్‌కి వచ్చిందే అమెరికా నుంచి! అది ఇటొచ్చి తోటలు తినేసింది, తోటలు పోయినవాళ్లు అటు ఓడెక్కారు.

ఓడ దిగాక ఇంకో చిక్కు. అప్పటికి వాళ్లది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం. దాంతో చాలామంది కాగితాల్లో ఆస్ట్రియన్లుగానో, హంగేరియన్లుగానో ఎక్కారు. క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1991లో. తోట బోర్డు మీద ఆ పేరు చూసి పెద్దవాళ్లు కాసేపు నిలబడిపోయారంటే నేనైతే ఆశ్చర్యపోను.

[దృశ్యం: పాత చెక్క ఇల్లు, వంటగది]
ఇక అమ్మ సంగతి. ముందు వచ్చింది ఎక్కువగా మగవాళ్లే, మిల్లుల్లో పనికి. పెళ్లాన్ని తెచ్చుకున్నవాడి ఇల్లే మిగతావాళ్లకి మెస్సూ, లాడ్జీ. ఒకే మంచం మీద పగటి షిఫ్టువాడు రాత్రి, రాత్రి షిఫ్టువాడు పగలు పడుకునేవాళ్లు. దుప్పటి చల్లారేది కాదు. వాళ్లందరికీ వండటం, మసి పట్టిన చొక్కాలు ఉతకటం, మధ్యాహ్నానికి డబ్బా కట్టటం ఆ ఇల్లాలి పని. నడుమ తన పిల్లలు. మిల్లులో షిఫ్టు మారితే ఒకడు దిగి ఇంకొకడు ఎక్కేవాడు. ఆమె పొయ్యి దగ్గర మాత్రం రెండు షిఫ్టులూ ఆమెవే.