35 కోట్ల డాలర్లు, 75 గెలుపులు

సభకు నమస్కారం.

ఆటల మీద ప్రసంగం అనగానే క్రికెట్ అనుకుని వచ్చినవాళ్లు కొందరు ఉన్నట్టున్నారు. క్షమించాలి, ఈ పూట బేస్‌బాల్. మరీ దూరం పోవడం లేదు లెండి. న్యూయార్క్ ఫ్లషింగ్‌లోని వినాయకుడి గుడికి వెళ్లి, అక్కడి క్యాంటీన్‌లో దోసె తినని తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల తక్కువే. ఆ గుడికి కాస్త దూరంలోనే సిటీ ఫీల్డ్ స్టేడియం ఉంది. 2015 నవంబరులో సచిన్, షేన్ వార్న్ చెరో జట్టు కట్టి ఆడిన మ్యాచ్ అక్కడే జరిగింది. మీలో కొందరు చూసే ఉంటారు. ఆ స్టేడియం న్యూయార్క్ మెట్స్ జట్టుది. 2023లో ఈ జట్టు ఆటగాళ్ల జీతాలకు 35 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. అంతకుముందు బేస్‌బాల్‌లో ఏ జట్టూ అంత పెట్టలేదు. 162 మ్యాచ్‌లు ఆడి 75 గెలిచింది, 87 ఓడింది. ఐదు జట్ల డివిజన్‌లో నాలుగోది.

డబ్బుతో గెలుపు కొనలేమని చెప్పడానికి ఈ కథ భలే పనికొస్తుంది. నేను మాత్రం ఆ మాట అనను, ఎందుకంటే అది నిజం కాదు. అదే ఏడాది వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, గెలిచిన టెక్సస్ రేంజర్స్ కూడా డబ్బు కుమ్మరించిన జట్టే. కోరీ సీగర్‌కి పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, మార్కస్ సెమియన్‌కి ఏడేళ్లకు 17.5 కోట్లు ఇచ్చి తెచ్చుకున్నారు. డబ్బుతో గెలుపు దొరుకుతుంది. అయితే బేస్‌బాల్ బజారులో ఏ సరుకు అమ్మకానికి వస్తుందో ముందు చూసుకోవాలి.

ఐపీఎల్ వేలంలో ప్రతి జట్టుకూ ఒకే పర్సు, అంతకు మించి పెట్టడానికి లేదు. ఇక్కడ అలాంటి గోడ లేదు, పన్ను మాత్రం ఉంది. 2023లో జీతాలు 23.3 కోట్లు దాటితే పన్ను మొదలవుతుంది. దాటేకొద్దీ రేటు పెరుగుతుంది. చివరి గీత 29.3 కోట్ల దగ్గర. ఆ గీతకి జనం పెట్టిన ముద్దు పేరు ‘కోహెన్ టాక్స్’. మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్‌ని దృష్టిలో పెట్టుకునే దాన్ని గీశారని అందరికీ తెలుసు. వరసగా రెండో ఏడాది పరిమితి దాటిన జట్టు కాబట్టి, ఆ గీత పైన పెట్టిన ప్రతి డాలరుకీ 90 సెంట్లు పన్ను కట్టాలి. ఆ ఏడాది మెట్స్ కట్టిన పన్నే 10 కోట్ల డాలర్లు దాటింది. కొన్ని జట్ల మొత్తం జీతాల బిల్లు అంత ఉండదు.

కోహెన్ హెడ్జ్ ఫండ్ వ్యాపారి, లాంగ్ ఐలాండ్‌లో పెరిగిన మెట్స్ అభిమాని. 2020 చివర్లో సుమారు 240 కోట్ల డాలర్లు పెట్టి జట్టు కొన్నాడు. మెట్స్ చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1986లో. వచ్చిన కొత్తలోనే ఆయన, మూడు నుంచి ఐదేళ్లలో మళ్లీ గెలవకపోతే కొంచెం నిరాశపడతానని విలేకరుల ముందు అన్నాడు. 2022లో జట్టు 101 మ్యాచ్‌లు గెలిచినా ప్లేఆఫ్స్ మొదటి మెట్టులోనే శాన్‌డియాగో చేతిలో ఓడింది. ఇంకొక్క తోపు చాలు అనిపించి ఉంటుంది. ఆ చలికాలంలో చెక్కుబుక్కు మూతపడలేదు.

ఇప్పుడు బజారు సంగతి. మేజర్ లీగ్‌లో, అంటే ఇక్కడి అత్యున్నత బేస్‌బాల్ లీగ్‌లో, ఆటగాడు ఆరేళ్లు ఆడితే గానీ తనకిష్టమైన జట్టుతో బేరమాడుకునే ఫ్రీ ఏజెంట్ కాలేడు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే. 2023లో అది 7.2 లక్షల డాలర్లు. తర్వాత మూడేళ్లు మధ్యవర్తిత్వంలో కొంచెం కొంచెం పెరుగుతుంది. బజారుకి వచ్చేసరికి చాలామందికి ముప్పై దగ్గర పడుతుంది. అంటే వాళ్ల అసలు సత్తువ అంతా తక్కువ ధరకే వేరే జట్టు వాడుకున్నాక మన ముందుకు వస్తారు. మనం ఇచ్చే ధర అయిపోయిన ఏళ్లను చూసి, ఆడించుకోవాల్సింది రాబోయే ఏళ్లలో. చెట్టు పేరు చెప్పి కాయలమ్మే బేరం ఇందులో చాలానే ఉంది.

మెట్స్ కొన్న అతి పెద్ద చెట్లు రెండు: జస్టిన్ వెర్లాండర్, మాక్స్ షెర్జర్. ఇద్దరూ పిచ్చర్లు, అంటే క్రికెట్‌లో బౌలర్ లాంటివాళ్లు. ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఒక్కొక్కరికీ మూడేసి ఉన్నాయి. ఇద్దరికీ ఏడాదికి 4.33 కోట్ల డాలర్లు, ఆ ఏడాది బేస్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ. సీజన్ మొదలయ్యే నాటికి వెర్లాండర్‌కి నలభై, షెర్జర్‌కి ముప్పై ఎనిమిది. వెర్లాండర్ గాయంతో మొదటి నెలంతా బయటే ఉన్నాడు. ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో షెర్జర్ చెయ్యి బంకగా ఉందని అంపైర్లు బయటికి పంపారు. చెమట, పట్టు కోసం పిచ్చర్లు వాడుకునే రోజిన్ పొడి తప్ప ఇంకేమీ లేదని అతను ఎంత మొత్తుకున్నా పది మ్యాచ్‌ల నిషేధం పడింది.

అదే డివిజన్‌లోని అట్లాంటా జట్టు ఏం చేసిందో చూడండి. రోనాల్డ్ అకూన్యా జూనియర్ కుర్రాడిగా ఉన్నప్పుడే, 2019లో, ఎనిమిదేళ్లకు 10 కోట్లకి కట్టేసుకుంది. 2023లో అతని జీతం 1.7 కోట్లు, వయసు పాతికేళ్లు. ఆ ఏడాది 41 హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి, 73 బేస్‌లు దొంగిలించి, అంటే పిచ్చర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. అట్లాంటా 104 గెలిచింది. మెట్స్ బిల్లులో నాలుగో వంతు కూడా పెట్టని బాల్టిమోర్ 101 గెలిచింది, తను పెంచుకున్న కుర్రాళ్లతోనే.

అన్నీ లెక్కలతో తేలవనుకోండి, దురదృష్టం కూడా ఉంది. ఎడ్విన్ డియాజ్ సంగతే తీసుకోండి. అతను క్లోజర్, అంటే చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి గెలుపుకి తాళం వేసేవాడు. ట్రంపెట్ మోగుతుంటే అతను మైదానంలోకి పరుగెత్తుకొస్తే సిటీ ఫీల్డ్ మొత్తం లేచి నిలబడేది. 2022లో 62 ఇన్నింగ్స్‌లలో 118 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. ఐదేళ్లకు 10.2 కోట్లతో కొత్త ఒప్పందం రాసిచ్చారు. 2023 మార్చి 15న మయామిలో, దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో తన ప్యూర్టోరికో తరఫున ఆడి, డొమినికన్ రిపబ్లిక్ మీద చివరి ఇన్నింగ్స్ తనే ముగించాడు. జట్టంతా చేతులు పట్టుకుని గెంతుతోంది. ఆ గెంతులోనే మోకాలి చిప్ప కింది స్నాయువు తెగింది. బంతి వేస్తూ కాదు, పరుగెత్తుతూ కాదు, సంతోషంతో. అదే జట్టులో ఉన్న అతని తమ్ముడు అక్కడే ఏడ్చేశాడు. ఆ సీజన్‌లో డియాజ్ మెట్స్‌కి ఒక్క బంతి వెయ్యలేదు.

అయినా మొత్తం దోషం ఆ మోకాలి మీద వెయ్యడం నాకు నచ్చదు. తాళం వేసేవాడు పోతే ఆ స్థానంలోకి రావడానికి కింది జట్లలో సిద్ధంగా ఎవరున్నారు? దాదాపు ఎవరూ లేరు. జూన్‌లో అది బయటపడింది. అట్లాంటా వెళ్లి మూడు మ్యాచ్‌లు ఆడారు. మూడింట్లోనూ కనీసం మూడు పరుగుల ఆధిక్యం సంపాదించారు, మూడూ ఓడారు. ఆ సిరీస్‌లోనే మెట్స్ హిట్టర్ పీట్ అలోన్సో మణికట్టుకి బంతి తగిలింది. అంత జరిగినా ఏడాది చివరికి అతను 46 హోమ్‌రన్లు కొట్టాడు. జపాన్ నుంచి వచ్చిన పిచ్చర్ కొడాయ్ సెంగా కూడా మొదటి ఏడాదే 202 స్ట్రైకవుట్లు చేశాడు. అందరూ చేతులెత్తేయలేదన్న మాట. కానీ జూన్ నెల లెక్క 7 గెలుపులు, 19 ఓటములు.

జులై చివర్లో జరిగింది నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తి. ముందు పిచ్చర్ డేవిడ్ రాబర్ట్‌సన్‌ని మయామికి ఇచ్చేశారు. దాంతో షెర్జర్, మన ఉద్దేశమేంటో చెప్పమని యాజమాన్యాన్ని అడిగాడు. ఇక చూపు 2025, 2026 మీదే అని జవాబొచ్చింది. ఒకట్రెండు రోజుల్లో అతను టెక్సస్ వెళ్లిపోయాడు. ఆగస్టు 1న వెర్లాండర్ తన పాత హ్యూస్టన్‌కి చేరాడు. ఇద్దరి మిగతా జీతంలో పెద్ద భాగం మెట్సే భరించింది. ఒక్క షెర్జర్ మీదే సుమారు 3.5 కోట్లు. ఎందుకంటే జీతం మేం కడతాం అంటే అవతలి జట్లు మంచి కుర్రాళ్లను ఇస్తాయి. టెక్సస్ ఇచ్చిన కుర్రాడి పేరు లూయిసాంజెల్ అకూన్యా. అవును, ఆ అట్లాంటా అకూన్యాకి తమ్ముడే. ఏడాది తర్వాత, మెట్స్ ముఖ్య ఆటగాడు లిండోర్‌కి నడుం పట్టేసిన సెప్టెంబరులో, మొదటిసారి మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి ఆ ఖాళీలో బాగానే ఆడాడు.

జనం నవ్వారు. వేరే జట్టులో ఆడేవాడికి వీళ్లు జీతమివ్వడమేంటని ఎగతాళి చేశారు. పైగా ఆ నవంబరులో షెర్జర్ టెక్సస్ చొక్కాతో వరల్డ్ సిరీస్ ఉంగరం కూడా సంపాదించాడు. నా మటుకు ఆ ఏడాది కోహెన్ తెలివిగా పెట్టిన డబ్బు అదొక్కటే. బజారులో నేరుగా దొరకని కుర్రతనాన్ని చుట్టూ తిరిగి కొన్నాడు.

తర్వాత మేనేజర్ బక్ షోవాల్టర్‌ని పంపించారు, మిల్వాకీలో తక్కువ డబ్బుతో జట్లు కట్టిన డేవిడ్ స్టెర్న్స్‌ని జట్టు కూర్పు చూసుకోవడానికి తెచ్చారు. 2024లో 89 గెలిచి, లీగ్ ఫైనల్ దాకా వెళ్లి డాడ్జర్స్ చేతిలో ఆగారు. ఆ డిసెంబరులో హిట్టర్ హువాన్ సోటోకి పదిహేనేళ్లకు 76.5 కోట్లు. దాన్ని నేను తప్పుపట్టను. పంతొమ్మిదేళ్లకే ఆడటం మొదలుపెట్టినవాడు కాబట్టి ఇరవై ఆరేళ్లకే బజారుకి వచ్చాడు. అలాంటి సరుకు ఎప్పుడో గానీ రాదు. అతను 2025లో 43 హోమ్‌రన్లు కొట్టాడు కూడా. కానీ జూన్ మధ్యలో 45 గెలుపులు, 24 ఓటములతో అందరికంటే పైనున్న జట్టు, పిచ్చర్లు ఒక్కొక్కరే దెబ్బతినడంతో జారుకుంటూ వచ్చింది. చివరి రోజు తను గెలిచి, చోటు కోసం పోటీపడుతున్న సిన్సినాటి ఓడితే ప్లేఆఫ్స్. సిన్సినాటి ఓడింది, కానీ మెట్స్ కూడా మయామిలో 4-0తో ఓడింది. ఇద్దరివీ 83 గెలుపులే, కానీ ముఖాముఖి లెక్కలో సిన్సినాటిది పైచేయి.

కోహెన్ పెట్టుకున్న ఐదేళ్ల గడువు ఆ రోజుతో అయిపోయింది. ఆయన మాట ప్రకారమే ఇప్పుడు ఆయనకు కొంచెం నిరాశగా ఉండాలి.

ప్రశ్నలు అడగండి. పన్ను లెక్క మళ్లీ మొదట్నుంచి చెప్పమంటే మాత్రం ఎవరైనా బోర్డు, సుద్దముక్క తెప్పించాలి.