తెలుగు ఈబుక్‌ను నలుపు-తెలుపు బిట్‌మ్యాప్ పేజీలుగా మార్చే పద్ధతి: రివ్యూ

నమస్కారం. ఈఎస్పీ32 వంటి చౌక చిప్‌తో నడిచే కాగితంలా కనిపించే తెర గల చిన్న ఇ-ఇంక్ రీడర్‌లో తెలుగు పుస్తకం చదవాలంటే, ఈపబ్ (ఈబుక్‌లకు వాడే ఒక ఫైలు రకం) ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కించడం కంటే ప్రతి పేజీనీ కంప్యూటర్‌లోనే నలుపు-తెలుపు బొమ్మగా మార్చి ఎక్కించడం మేలని నా అభిప్రాయం. ఆ పనికి కాలిబర్, పాప్లర్, ఇమేజ్‌మ్యాజిక్ అనే మూడు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎంతవరకు పనికొస్తాయో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా ‘స్త్రీ’ అన్న మాటను గమనించండి. కంటికి ఒక్క అక్షరంగా కనిపించినా, ఫైలులో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అనే ఆరు యూనికోడ్ సంకేతాలుగా ఉంటుంది. వత్తులను వాటి స్థానాల్లో అమర్చే బాధ్యతను కంప్యూటర్లలో హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ చూసుకుంటుంది. చిన్న రీడర్లను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌లో చాలావరకు ఆ ఏర్పాటు ఉండదు కనుక వత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, చదవడం నరకమవుతుంది. పేజీ బొమ్మగా వస్తే చిప్‌కు మిగిలే పని చుక్కలను తెరమీద చూపడమే. 480 × 800 పిక్సెళ్ల తెరకు ఒక్కో పిక్సెల్‌కు ఒక బిట్ చొప్పున పేజీకి 48,000 బైట్లు చాలు, కాబట్టి 400 కేబీ ర్యామ్ ఉన్న ఈఎస్పీ32-సీ3 కూడా దాన్ని తేలిగ్గా మోయగలదు.

ఇక పని విషయానికి వద్దాం. తెలుగు వికీసోర్స్ నుంచి దించుకున్న ఈపబ్‌ను కాలిబర్‌లో తెరిచి, 3 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు గల పీడీఎఫ్‌గా మార్చండి. దాన్ని పాప్లర్‌లోని పీడీఎఫ్‌టూపీపీఎం అనే పనిముట్టు 160 డీపీఐ (అంగుళానికి 160 చుక్కలు) దగ్గర బొమ్మలుగా మారిస్తే సరిగ్గా 480 × 800 వస్తుంది. రీడర్ తెర 4.3 అంగుళాలదైతే దానిమీద పేజీ దాదాపు ముప్పావు వంతుకు కుదించుకుపోతుంది కాబట్టి, ఫాంటును 14 పాయింట్ల కంటే తగ్గించకండి.

అసలు కిటుకు ఆ తరువాతి మెట్టులో ఉంది. పీడీఎఫ్‌టూపీపీఎంలో నేరుగా నలుపు-తెలుపు ఇచ్చే ‘మోనో’ ఆప్షన్ ఉన్నప్పటికీ, సన్నని గీతలు అక్కడక్కడ తెగిపోతున్నందున నేను దానిని సిఫారసు చేయను. ముందు బూడిదరంగు బొమ్మగా తీసుకుని, ఆపైన ఇమేజ్‌మ్యాజిక్‌లో త్రెషోల్డ్‌ను (నలుపు, తెలుపులను వేరుచేసే వెలుగు హద్దును) 60 నుంచి 65 శాతం మధ్య పెట్టండి. ఆ హద్దు కంటే ముదురుగా ఉన్న ప్రతి పిక్సెల్ నల్లబడుతుంది కనుక అక్షరాలు నిండుగా వస్తాయి. హద్దు మరీ తగ్గిస్తే ఏమవుతుందో ఇప్పుడు తెరమీద పెద్దది చేసి చూపిస్తున్నాను: ‘ఠ’ లోపలి చుక్క ఎగిరిపోయి ‘పాఠం’ కాస్తా ‘పారం’లా కనిపిస్తోంది, ‘ధ’ కింది చిన్న గీత పోయి ‘బాధ’ ‘బాద’ అయింది. మరీ పెంచితే అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. ఫోటోలున్న పేజీలకు మాత్రం ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ డిథరింగ్ (నల్ల చుక్కల దట్టంతో బూడిదరంగు భ్రమ కలిగించే పద్ధతి) వాడండి. అక్షరాలకు వాడితే వాటి అంచుల్లో ఇసుక చల్లినట్టు చుక్కలు పడతాయి. ఫాంటు ఎంపికలోనూ ఇదే సూత్రం: గీత మందం పెద్దగా మారని మండలి వంటివి ఇక్కడ బాగా నిలుస్తాయి.

ఈ పద్ధతికి మూల్యం లేకపోలేదు. మార్చిన తరువాత అక్షరాల పరిమాణం పెంచలేరు, మాట వెతకలేరు, చూపు లేనివారికి చదివి వినిపించే సౌకర్యం పూర్తిగా పోతుంది. ఈ చివరిది నాకు నిజంగా బాధ కలిగించే లోపం. అందుకే మూల ఈపబ్‌ను ఎన్నడూ తొలగించకండి. 300 పేజీల పుస్తకం 14 ఎంబీ దాటుతుంది, అయితే మెమరీ కార్డుకు అదొక లెక్క కాదు.

బీఎంపీ అనే బొమ్మ ఫైలుగా భద్రపరచిన తరువాత ఒక పేజీ ఫైలు పరిమాణం చూడండి. 48 వేల బైట్ల పైచిలుకు ఉంటే సరైనదే; 3,85,000 దాకా ఉంటే అది ఇంకా 8 బిట్ల బొమ్మగానే మిగిలిందని అర్థం, ఒక బిట్‌కు దించి మళ్లీ భద్రపరచండి.