205వ గదిలో బల్ల

అమెరికా క్యాంపస్‌ల భద్రత మాట వచ్చినప్పుడల్లా, పిల్లల్ని అక్కడికి పంపిన మనవాళ్లు గేటు దగ్గర సెక్యూరిటీ ఎంతమంది, కెమెరాలు ఎన్ని అనే అడుగుతారు. ఆ ప్రశ్న వింటే నాకు చిరాకు. 2007 ఏప్రిల్ 16న అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మందిని చంపినవాడు గోడ దూకి వచ్చినవాడు కాదు, అక్కడి విద్యార్థే. గేటులో ఆపినా కార్డు చూపించి లోపలికి వెళ్లగలిగినవాడు.

ఆ ఉదయం తరగతులు జరిగే నారిస్ హాల్ అనే భవనం ప్రధాన ద్వారాలకు వాడు లోపలినుంచి గొలుసులు బిగించాడు. ఫోను అందిన మూడు నిమిషాలకే పోలీసులు వచ్చారు గానీ, లోపలికి చొరబడటానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది. కాల్పులు సాగింది సుమారు 11 నిమిషాలు. కాబట్టి సన్నద్ధత అంటే, పోలీసులు లోపలికి వచ్చేదాకా గడవాల్సిన ఆ కాసిన్ని నిమిషాల గురించిన ఆలోచన.

అక్కడి తరగతి గదులకు లోపలినుంచి తాళం పడదు. తుపాకీ చప్పుడు విన్న 205వ గది విద్యార్థులు పెద్ద బల్లను తలుపుకు అడ్డంగా తోసి, వదలకుండా అదిమిపట్టారు. వాడు తలుపును కాస్త నెట్టగలిగాడే తప్ప లోపలికి రాలేక, తలుపులోంచే కాల్చి వెళ్లిపోయాడు. ఆ గదిలో ఒక్కరికీ గాయం కాలేదు. అదే అంతస్తులోని 204లో, 76 ఏళ్ల ఆచార్యుడు లివియు లిబ్రెస్కు తలుపును తానే అడ్డుకుంటూ విద్యార్థులను కిటికీల్లోంచి దూకమన్నారు. చాలామంది బతికారు, ఆయన బతకలేదు. 205లో బల్ల చేసిన పనిని 204లో ఒక మనిషి చేయాల్సి వచ్చింది.

ఇలా కాల్పులు జరిగితే ఏం చేయాలో చెబుతూ 2012లో అమెరికాలోని హ్యూస్టన్ నగరం ప్రచారంలోకి తెచ్చిన ‘పరుగెత్తు, దాక్కో, పోరాడు’ అనే సూత్రాన్ని చాలామంది వరుసగా ఎక్కాల్సిన మెట్లనుకుంటారు. నిజానికి అవి మెట్లు కావు: దారి ఉంటే పరుగు, లేకపోతే దాగుడు, తలుపు దాటి వాడు మీదికి వచ్చేస్తే తప్ప పోరాటం కాదు. దాక్కోవడమంటే బెంచీ కింద నక్కడం కూడా కాదు, ఆ బల్లను తలుపు దగ్గరికి జరపడం. అందుకే, ఉత్తుత్తి కాల్పులతో పిల్లల్ని హడలగొట్టే డ్రిల్లుల కంటే, మన గది తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అని ఒక్కసారి చూసుకోవడం మేలంటాను. బయటికి తెరుచుకునే తలుపును బల్ల ఆపలేదు, లోపలినుంచి పడే గడియ కావాలి.

ఆ రోజు హాస్టల్లో మొదటి కాల్పులు సుమారు 7.15కి జరిగితే, అందరికీ మెయిల్ వెళ్లింది 9.26కి, నారిస్ హాల్లో కాల్పులు మొదలైంది దాదాపు 9.40కి. ముందే తెలిసి ఉంటే బల్ల జరుపుకునే వ్యవధి మిగతా గదులకూ దొరికేది. ప్రమాదం నిర్ధారణ కాగానే హెచ్చరిక పంపాలని 2008లో క్యాంపస్ భద్రతకు సంబంధించిన అమెరికా చట్టాన్ని సవరించారు, అందువల్ల మీ ఫోను నంబరు కాలేజీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. పోలీసులు వచ్చాక ఖాళీ చేతులు పైకెత్తి చూపండి, వాళ్ల దగ్గరికి పరుగెత్తకండి. నారిస్ హాల్లోనే ఒక విద్యార్థి తొడకు తగిలిన గాయం పైన కరెంటు తీగ బిగించుకుని నెత్తురు ఆపుకున్నాడు. తరగతి గదిలో కట్టు సామాను ఎక్కడుందో ఈ వారంలోనే అడగండి.