ఇద్దరికీ 150 పాయింట్లే, మరి సింగన ఎందుకు మునిగాడు?

నమస్తే. "అన్నా, నాది గూడ నూట యాభయ్యే గదా. ఆమె ఈదుకుంట పోతది, నేను మునుగుడేంది?" మేం ఆడే గర్ప్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ టేబుల్ దగ్గరికి కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ ఈ పంచాయితీ తప్పడం లేదు. హనుమకొండలో మా ఆదివారం ఆట సగం దీనికే పోతోంది. ఒక్కసారి వీడియో చేసి పెడితే ఇక లింక్ పంపిస్తే సరిపోతుందని కూర్చున్నా.

రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే కథ, ఆ కథ నడిపేవాడు గేమ్ మాస్టర్. అంతకంటే లోతుకు వెళ్లొద్దు. మనం మాట్లాడేది గర్ప్స్ గురించి. స్టీవ్ జాక్సన్ గేమ్స్ వాళ్లు 1986లో తెచ్చారు, మేం ఆడేది 2004లో వచ్చిన నాలుగో ఎడిషన్. ఇందులో పాచికలు వేసి, వచ్చిన బలంతో సరిపెట్టుకోవడం ఉండదు. యోధుడు, దొంగ అంటూ ముందే కట్టేసిన పాత్రరకాలు, అంటే క్లాసులు కూడా ఉండవు. చేతిలో కొన్ని పాయింట్లుంటాయి, మా ఆటలో ఒక్కొక్కరికి 150, మీకు కావలసిన మనిషిని మీరే తయారు చేసుకోవాలి.

మా ఆట 1310లో, ఓరుగల్లులో. ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ సైన్యం మట్టికోట దాటి వచ్చేసింది, ప్రతాపరుద్రుడు రాతికోటలో ఉన్నాడు. లోపలి నుంచి బయటికి ఒక కబురు చేరాలి. ఒకమ్మాయి మల్లవ్వను తయారు చేసింది, వేగుల మనిషి. ఒకతను సింగనను తయారు చేశాడు, కత్తి పట్టిన బంటు. (స్క్రీన్ మీద: ఇద్దరి అంకెలు రాసిన రెండు షీట్లు పక్కపక్కన)

నాలుగు మూలగుణాలూ 10 దగ్గర మొదలవుతాయి. బలం, ఆరోగ్యం ఒక్కో మెట్టు పెంచితే 10 పాయింట్లు. చురుకుదనం, తెలివి అయితే 20. ఎందుకంత తేడా? కత్తి, గోడ ఎక్కడం, దొంగచాటుగా నడవడం చురుకుదనం మీద ఆధారపడితే, అబద్ధమాడటం నుంచి వైద్యం దాకా తెలివి మీద ఆధారపడతాయి. ఒక్క మెట్టు ఎక్కితే వాటన్నిటికీ లాభం, కాబట్టి రేటు ఎక్కువ.

సింగన బలం 14, చురుకుదనం 13, ఆరోగ్యం 12 పెట్టాడు. 120 పాయింట్లు అయిపోయాయి. పోరాటంలో తడబడకుండా ఉండే లక్షణానికి 15, కత్తి స్కిల్‌కు, అంటే నేర్చుకున్న పనికి, 8 పాయింట్లు, డాలుకు 4. మిగిలింది చిల్లర. మల్లవ్వ చురుకుదనం, తెలివి, ఆరోగ్యం మూడూ 12, అంటే 100 పాయింట్లు. తర్వాత చప్పుడు కాకుండా నడవడానికి 8, ఈతకు 4, ఇలా చిన్నచిన్నవి చాలా కొంది.

ఇప్పుడు కందకం దాటాలి. మూడు పాచికలు వేసి, మొత్తం మీ స్కిల్ అంకెకు సమానంగా గానీ తక్కువ గానీ వస్తే గెలిచినట్టు. ఆ 4 పాయింట్లతో మల్లవ్వ ఈత అంకె 14, అవకాశం 90.7 శాతం. సింగన ఈత నేర్చుకోలేదు. నేర్చుకోనివాడు ఆరోగ్యంలోంచి 4 తీసేసి వేయాలి, అంటే 8. అవకాశం 25.9 శాతం. ఇంకా కవచం బరువు లెక్కలోకి తేలేదు! కానీ అదే మల్లవ్వ చేతికి కత్తి ఇవ్వండి: చురుకుదనంలోంచి 5 పోతే 7, అవకాశం 16.2 శాతం. 8 పాయింట్లు పెట్టిన సింగన కత్తి అంకె 15, అంటే 95.4 శాతం. ఇద్దరివీ 150 పాయింట్లే. పాయింట్ చెప్పేది ధర, మనిషి బలం కాదు. కందకం దగ్గర ఎవరు పనికొస్తారో, గుమ్మం దగ్గర ఎవరు పనికొస్తారో మొత్తం కూడిక చెప్పదు.

నాకు ఈ సిస్టమ్‌లో బాగా నచ్చే ముక్క ఇదే: సింగన ఆ చిల్లరలో ఒక్క పాయింట్ ఈతకు పెట్టి ఉంటే? ఈత తేలిక స్కిల్, ఒక్క పాయింట్‌కే ఆరోగ్యమంత, అంటే 12 వస్తుంది. 25.9 కాస్తా 74.1 శాతం అయిపోయేది! అదే పాయింట్ కత్తి మీద పెడితే అంకె కదలదు కూడా, 16 కావాలంటే 4 పెట్టాలి. పెట్టినా 95.4 నుంచి 98.1కే. మూడు పాచికల మొత్తాలు ఎక్కువగా 10, 11 చుట్టూనే పడతాయి, అందుకే మధ్యలో ఒక్కో మెట్టుకు అంత విలువ. మరి పెద్ద అంకెలు దండగా అంటే, కాదు. చీకటి, వాన, తడి గోడ అని గేమ్ మాస్టర్ మైనస్‌లు వేసినప్పుడు 16 ఉన్నవాడే నిలబడతాడు.

టైమ్ అయిపోతోంది, లోపాల సంగతి గబగబా చెప్పేస్తా. లోపం తీసుకుంటే పాయింట్లు తిరిగొస్తాయి. మల్లవ్వకు ముక్కోపం ఉంది, దానికి 10. శత్రు సైనికుడు తిడితే పాచికలు వేయాలి, 12 లోపు రాకపోతే నోరు జారుతుంది, వేషం బయటపడుతుంది. అలా ఆటలో కష్టం తెస్తేనే దానికి ధర. ఓరుగల్లులో ఆడుతూ మంచు అంటే భయమని రాసుకొచ్చి పాయింట్లు అడిగితే నేనైతే ఒక్కటి కూడా ఇవ్వను. లోపాల మొత్తం మొదటి పాయింట్లలో సగం దాటకుండా చూసుకోమని రూల్‌బుక్ సలహా. చిన్నచిన్న వింత అలవాట్లకు ఒక్కో పాయింట్, ఐదు దాకా. ఆట ఆడుతుంటే కొత్త పాయింట్లు వస్తాయి, వాటితో ఏదైనా పెంచుకోవచ్చు.

కొనే ముందు చూడాలనుకుంటే గర్ప్స్ లైట్ 32 పేజీలు, ఉచితం. ప్రత్యేకమైన పాచికలు ఆర్డర్ పెట్టకండి, ఇంట్లో లూడో పాచికలు మూడు ఉంటే చాలు. మీ షీట్ కామెంట్‌లో పెట్టండి, కానీ ఈత పక్కన ఖాళీ ఉంటే మాత్రం నేను జవాబు ఇవ్వను.